చీజ్‌కేక్ ఫ్యాక్టరీలో గుడ్డు తినని అమ్మకి, షుగర్ ఉన్న నాన్నకి ఏం ఆర్డర్ చెయ్యాలి?

నాగావళి_ఒడ్డు

వచ్చే నెల అమ్మానాన్న శ్రీకాకుళం నుంచి డల్లాస్‌లో తమ్ముడి దగ్గరకి వెళ్తున్నారు. నాన్న పుట్టినరోజుకి వాళ్ళని చీజ్‌కేక్ ఫ్యాక్టరీ అనే హోటల్‌కి తీసుకెళ్తానని తమ్ముడు అంటున్నాడు. వాడు అక్కడికి వెళ్ళి మూడు నెలలే, ఇంకా ఒక్కసారీ ఆ హోటల్ గుమ్మం ఎక్కలేదు. మెనూ ఆన్‌లైన్‌లో చూస్తే పుస్తకంలా ఉంది.

అమ్మ చేప, మాంసం, గుడ్డు ఏదీ ముట్టదు. నాన్న కోడి, చేప తింటారు, బీఫ్, పోర్క్ తినరు, షుగర్ మాత్రలు వాడుతున్నారు. ఇద్దరికీ ఏం చెప్పాలి? నలుగురికి ఎన్ని ప్లేట్లు సరిపోతాయి? బిల్లు మీద టిప్ లెక్క ఎలా? ఇంకొకటి, అమ్మ అక్కడ కేక్ తినలేకపోతే తిరిగొచ్చాక ఇక్కడ గుడ్డు లేకుండా అలాంటిది చేసిపెట్టగలమా? ఇంట్లో ఓవెన్ లేదు. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

గంటస్తంభం_సెంటర్

ముందు ఆ హోటల్ వంటిల్లు ఎలా నడుస్తుందో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగం తేలిపోతాయి. ఎవెలిన్ ఓవర్టన్ అనే ఆవిడ డెట్రాయిట్‌లో ఇంటి కింది గదిలో చీజ్‌కేకులు చేసి హోటళ్ళకి వేసేవారు. 1972లో భర్తతో లాస్ ఏంజిలెస్ వచ్చి బేకరీ పెట్టారు. కొడుకు డేవిడ్ 1978లో బెవర్లీ హిల్స్‌లో మొదటి రెస్టారెంట్ తెరిచారు. అంటే మొదట్లో ఉన్నది కేకే, భోజనం తర్వాత వచ్చి చేరింది. ఇప్పటికీ ఆ రెండూ వేరు వేరు చోట్ల తయారవుతాయి. కేకులు కాలిఫోర్నియాలోని కాలబాసస్ హిల్స్, నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్ బేకరీల్లో చేసి, గడ్డకట్టించి అన్ని ఊళ్ళకీ పంపిస్తారు. పాస్తా, సలాడ్, కోడి, చేప లాంటివి మాత్రం ఎక్కడికక్కడ ఆ హోటల్లోనే వండుతారు.

దీనివల్ల ఏటంటే, వంటకంలో ఏదైనా వద్దంటే తీసి వండగలరు. కేకులోంచి మాత్రం ఏదీ తీయలేరు. చీజ్‌కేక్ గట్టిపడేదే గుడ్డు వల్ల, అక్కడి చీజ్‌కేకులు గుడ్డుతోనే చేస్తారు. కాబట్టి అమ్మగారికి చీజ్‌కేక్ వద్దు. పైన క్రీమ్ తీసేసి తిను, అడుగు బిస్కెట్ ఒక్కటే తిను అని బలవంతం పెట్టొద్దని తమ్ముడికి చెప్పండి. స్ట్రాబెర్రీ పళ్ళు ఒక గిన్నెలో, విప్పుడ్ క్రీమ్ పక్కన పెట్టి ఇమ్మంటే ఇస్తారు. ఆవిడకి అదే సరైన తీపి.

భోజనంలో అమ్మగారికి మొదట చూడాల్సింది ఎవెలిన్స్ ఫేవరెట్ పాస్తా. బ్రోకలీ, వంకాయ, టమాటా, క్యాప్సికం, ఆలివ్, వెల్లుల్లి వేసి చేస్తారు, మాంసం ఉండదు. అవకాడో ఎగ్‌రోల్స్ పేరు చూసి లోపల గుడ్డు ఉందనుకుంటారు. లోపల ఉండేది అవకాడో, ఎండబెట్టిన టమాటా, ఉల్లి, కొత్తిమీర. అయితే పైన చుట్టే రేకులో గుడ్డు కలిసి ఉండొచ్చు, ఆవిడ అంత పట్టింపుగా ఉంటే అడిగి తీసుకోండి. దానితో వచ్చే ముంచుకునే పచ్చడి చింతపండు, జీడిపప్పుతో చేస్తారు. పలాస వైపు వాళ్ళకి మొదటి ముద్దకే పరిచయంగా అనిపించే రుచి, కాకపోతే తియ్యగా ఉంటుంది. ఉప్పు చల్లిన ఉడకబెట్టిన సోయా కాయలు ఎడమామె పేరుతో దొరుకుతాయి. మన చిక్కుడు గింజల్లాగ తొక్క వదిలేసి లోపలి గింజ తినాలి.

సర్వర్‌తో ఒక్క వెజిటేరియన్ అనే మాట సరిపోదు. అక్కడ చాలామంది దృష్టిలో వెజిటేరియన్ గుడ్డు తింటారు, కోడి ఎముకల నీళ్ళతో చేసిన సూపు కూడా కొందరు పట్టించుకోరు. విడివిడిగా అడగాలి: నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో చికెన్ స్టాక్, నో ఫిష్ సాస్, నో జెలటిన్. వీటిలో తప్పిపోయేవి చివరి మూడే. సూపుల్లో, అన్నంలో చికెన్ స్టాక్ దాగుంటుంది. థాయ్ రకం వంటల్లో ఫిష్ సాస్ ఉంటుంది. మార్ష్‌మెల్లో ఉన్న తీపి వంటల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. పార్మెజాన్ చీజ్ పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడి ఉండొచ్చు, ఆవిడకి అది కూడా అభ్యంతరమైతే నో పార్మెజాన్ అని కూడా చేర్చండి. ఈ ఏడు మాటలూ తమ్ముడు ఫోన్‌లో ఇంగ్లీషులో రాసిపెట్టుకుని సర్వర్‌కి చూపిస్తే మంచిది. ఆ సందడిలో నోటితో చెప్పింది సగం వినపడదు.

నాన్నగారికి బ్యాంగ్ బ్యాంగ్ చికెన్ అండ్ ష్రింప్ బాగా నప్పుతుంది, ష్రింప్ అంటే రొయ్యలు. కొబ్బరి, వేరుశెనగ, కూర మసాలా కలిసిన రసం, పక్కన అన్నం. మీసో సామన్ అనే చేప వంటకం కూడా అన్నంతోనే వస్తుంది. లూసియానా చికెన్ పాస్తా వాళ్ళ లెక్కకి కారం, మన లెక్కకి కాదు. ఎండుమిరప గింజలు అడిగితే తెచ్చిస్తారు. చికెన్ అని పేరు ఉన్నా చూసుకోవాల్సినది చికెన్ బెలాజియో, దాని మీద ప్రోషూటో అని పంది మాంసపు పల్చటి రేకులు వేస్తారు. పాస్తాల్లో బేకన్ ఉందేమో చూసుకోండి, అదీ పంది మాంసమే. మీట్‌లోఫ్ అంటే బీఫ్. చికెన్ మదీరాలో సాస్ వైన్‌తో చేస్తారు.

కోట_వీధి

పైవారు చెప్పినదానికి పరిమాణం గురించి రెండు మాటలు. నలుగురు కదా అని నాలుగు ప్లేట్లు చెప్పొద్దు. అక్కడ ఒక పాస్తా ప్లేటు మన ఇంట్లో ఇద్దరి భోజనం. నలుగురికి ఒక చిరుతిండి, రెండు లేదా మూడు పెద్ద ప్లేట్లు, రెండు కేకు ముక్కలు. అదే సరిపోయి మిగులుతుంది కూడా. పంచుకుంటామని ముందే చెబితే ఖాళీ ప్లేట్లు అదనంగా ఇస్తారు.

అమెరికాలో 20 అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్ళు ప్రతి వంటకం పక్కనా క్యాలరీలు రాయాలని 2018 నుంచి నిబంధన ఉంది. ఆ అంకె చదవండి. ఒక పెద్దమనిషికి రోజుకి దాదాపు 2,000 అనుకుంటే, అక్కడ చాలా కేకు ముక్కలు ఒక్కొక్కటే వెయ్యికి అటూ ఇటూగా ఉంటాయి.

కూర్చోగానే ఉచితంగా బ్రెడ్ బుట్ట వస్తుంది. అందులో గోధుమరంగుది, పైన ఓట్స్ అంటించినది, కొంచెం తియ్యగా ఉంటుంది. ఆకలి మీద ఉన్నవాళ్ళు దానికి వెన్న రాసుకుని రెండు మూడు ముక్కలు తినేస్తారు, అసలు ప్లేటు వచ్చేసరికి కడుపు నిండిపోతుంది. షుగర్ ఉన్న నాన్నగారి విషయంలో అది మరీ జాగ్రత్త. ఆయనకి ఒక్క ముక్క చాలు.

నాన్నగారి కేకు గురించి. పంచదారకి బదులు వాడే స్ప్లెండా తీపితో చేసే లో-లీషియస్ అనే రకం ఒకటి మెనూలో ఉంటే అడగండి. దానిలో పంచదార తక్కువే గానీ వెన్న, చీజ్, బిస్కెట్ పిండి అలాగే ఉంటాయి, అందుకని అది షుగర్ పేషెంట్లకి పూర్తి ముక్క తినే కేకు కాదు. నలుగురూ పంచుకునే ముక్కలో నాలుగు చెంచాలు ఆయన వాటా అనుకోండి. ఎక్కువ మంది అడిగేది ఫ్రెష్ స్ట్రాబెర్రీ. మామూలు ఒరిజినల్ మీద పుల్లటి క్రీమ్ పొర ఉంటుంది, తీపి తక్కువగా అనిపించేది అదే. ఓరియో, రెడ్ వెల్వెట్ లాంటివి చీజ్‌కేక్ మీద మామూలు కేకు పొర కూడా వేసినవి, పెద్దవాళ్ళకి రెండో చెంచాకే వెగటు పుడుతుంది. టిరమిసు వైపు వెళ్ళొద్దు, మద్యం కలుస్తుంది. ముక్క పక్కన పెట్టే క్రీమ్ కొండ విడిగా కావాలంటే ఆన్ ద సైడ్, అసలు వద్దంటే నో విప్పుడ్ క్రీమ్ అనాలి.

మాత్ర సంగతి ముఖ్యం. తిండికి ముందు వేసుకునే షుగర్ మాత్ర ఉంటే ఇంటి దగ్గర వేసుకుని బయల్దేరొద్దు. శని, ఆదివారం సాయంత్రాలు టేబుల్ కోసం గంట పైన నిలబడాల్సి రావొచ్చు. ఈలోపు షుగర్ పడిపోవచ్చు. సీట్లో కూర్చుని బ్రెడ్ బుట్ట ముందుకి వచ్చాకే వేసుకోమనండి.

ఏడురోడ్ల_జంక్షన్

వేళ గురించి: మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య వెళ్తే ఖాళీగా ఉంటుంది, పెద్దవాళ్ళకి రాత్రి భోజనం తొందరగా అయినట్టూ ఉంటుంది. గుమ్మం దగ్గరే కేకుల అద్దాల కౌంటర్ ఉంటుంది. టేబుల్ కోసం ఆగకుండా అక్కడే ముక్కలు కొనుక్కుని ఇంటికి తీసుకెళ్ళొచ్చు. భోజనం వేరే చోట, కేకు ఇక్కడ అనుకున్నా తప్పేం లేదు. లోపల ఏసీ గట్టిగా ఉంటుంది, అమ్మగారికి ఒక శాలువా పట్టుకెళ్ళండి. మంచినీళ్ళు ఉచితం, ఐసు నిండా వేసి తెస్తారు, నో ఐస్ అని ముందే చెప్పాలి.

బిల్లు లెక్క ఇలాగ. మెనూలో రాసిన ధరలో పన్ను ఉండదు. డల్లాస్‌లో సేల్స్ టాక్స్ 8.25 శాతం. తిన్నది 80 డాలర్లు అయితే పన్ను 6.60. టిప్ పన్నుకి ముందు అంకె మీద 18 శాతం, అంటే 14.40. మొత్తం 101 డాలర్లు. సర్వీసు బాగుంటే 20 శాతం ఇస్తారు, 16 డాలర్లు. సర్వర్ కార్డు తీసుకెళ్ళి రెండు చీటీలు తెస్తారు. ఒకదానిలో టిప్ గీత మీద అంకె, కింద మొత్తం రాసి, సంతకం పెట్టి బల్ల మీద వదిలేయాలి, రెండోది మీది. పెద్ద గుంపుగా వెళ్ళినప్పుడు టిప్ ముందే బిల్లులో కలిపేస్తారు కొన్ని హోటళ్ళలో. గ్రాట్యుటీ అంటే అక్కడ టిప్పే, ఆ మాట బిల్లులో కనిపిస్తే మళ్ళీ టిప్ రాయనక్కర్లేదు. అక్కడ సర్వర్ల జీతంలో ఎక్కువ భాగం టిప్పే. మన దగ్గరలాగ చిల్లర వదిలేస్తే వాళ్ళ పొట్ట మీద కొట్టినట్టే.

మిగిలింది డబ్బాల్లో పెట్టించుకోండి, ఎవరూ చిన్నచూపు చూడరు. బయట రెండు గంటలకి మించి ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. డల్లాస్ ఎండలో కారులో వదిలేస్తే గంటే లెక్క.

సోంపేట_బస్సు

మా వైపు వాళ్ళు ఎక్కువగా గల్ఫ్‌లో ఉంటారు. దుబాయ్‌లో కూడా ఇదే హోటల్ ఉంది కదా, అక్కడ కూడా ఇదే పద్ధతా?

ఏడురోడ్ల_జంక్షన్

దుబాయ్ మాల్‌లో 2012లో తెరిచారు. గల్ఫ్‌లో దీన్ని నడిపేది కువైట్‌కి చెందిన అల్షాయా సంస్థ, లైసెన్స్ మీద. మెనూ దగ్గర దగ్గరగా అదే. తేడాలు రెండు గుర్తుంచుకోండి. అక్కడ పంది మాంసం ఉండదు గానీ బేకన్ అనే మాట ఉంటుంది. అది బీఫ్ గానీ టర్కీ కోడి గానీ అయ్యుంటుంది. బీఫ్ తినని మనవాళ్ళు అమెరికాలో కంటే అక్కడే ఎక్కువ పొరపాటు పడేది ఈ మాట దగ్గరే. రెండోది, దుబాయ్‌లో ధరలోనే 5 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది, టిప్ మీ ఇష్టం.

అరసవల్లి_వంటిల్లు

గుడ్డు లేకుండా ఇంట్లో చేసే సంగతి నేను చెబుతాను. మనకి జున్ను తెలుసు కాబట్టి చీజ్‌కేక్ అర్థం చేసుకోవడం కష్టం కాదు. జున్నుపాలలో ఉండే మాంసకృత్తులు సన్నటి వేడికి గడ్డకట్టి ముక్క నిలబడుతుంది. చీజ్‌కేక్‌లో ఆ పని గుడ్డు చేస్తుంది. రెండిటికీ శత్రువు ఒక్కటే, పెద్ద మంట. జున్ను మంట ఎక్కువైతే బెజ్జాలు పడి, నీళ్ళు ఊరి, రబ్బరులా అయిపోతుంది చూడండి, చీజ్‌కేక్‌కీ అదే గతి. అందుకే ఓవెన్‌లో కూడా దాన్ని వేడి నీళ్ళ పళ్ళెంలో పెట్టి కాలుస్తారు. మనం ఆవిరి మీద వండితే ఆ పని దానంతట అదే అయిపోతుంది.

ఏడు అంగుళాల గిన్నెకి కొలతలు: గట్టి పెరుగు ఒక కిలో, కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి అంటే దాదాపు 400 గ్రాములు, ఫ్రెష్ క్రీమ్ 200 మిల్లీలీటర్లు, కార్న్‌ఫ్లోర్ రెండు పెద్ద చెంచాలు, నిమ్మతొక్క తురుము సగం చెంచా, వెనీలా ఒక చెంచా. అడుగుకి మారీ బిస్కెట్లు 150 గ్రాములు, కరిగించిన వెన్న 75 గ్రాములు. ఇష్టమైతే బిస్కెట్లు 50 గ్రాములు తగ్గించి పలాస జీడిపప్పు బద్దలు అంతే బరువు పొడి చేసి కలపండి. విడిపోని గుండ్లు ఖరీదు, పొడికి బద్దలే చాలు.

ముందురోజు రాత్రి పెరుగు పల్చటి గుడ్డలో మూటకట్టి జల్లెడ మీద పెట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మన ఉక్కలో కొళాయికి వేలాడదీస్తే తెల్లారేసరికి పులిసిపోతుంది. పొద్దున్నకి కిలో పెరుగు 400 గ్రాముల పైన ముద్దగా మిగలాలి. వేలితో తీస్తే గట్టి వెన్నలా నిలబడాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత వండినా కేకు గట్టిపడదు, అడుగు బిస్కెట్ నానిపోతుంది. చాలామందికి చెడేది ఈ ఒక్క అడుగులోనే.

బిస్కెట్ పొడిలో వెన్న కలిపి పిడికిట పట్టి చూడండి. ముద్ద నిలబడి, వేలితో తోస్తే విడిపోవాలి. గిన్నె అడుగున బటర్ పేపర్ వేసి, పొడి పోసి, అడుగు చదునుగా ఉన్న స్టీలు గ్లాసుతో నొక్కి, 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. పెరుగు ముద్ద, కండెన్స్‌డ్ మిల్క్, క్రీమ్ అన్నీ గది వేడికి వచ్చాక కలపాలి. చల్లటి పెరుగు వేస్తే ఉండలు కడుతుంది. కార్న్‌ఫ్లోర్‌ని రెండు చెంచాల క్రీమ్‌లో విడిగా కలిపి పోయండి. కవ్వంతో నెమ్మదిగా తిప్పండి, మిక్సీ వద్దు. గాలి బుడగలు చేరితే వేడికి ఉబ్బి, చల్లారాక కుంగి పైన పగుళ్ళు వస్తాయి. కలిపాక ఒకసారి వడకట్టి అడుగు మీద పోయండి.

పెద్ద ఇడ్లీ గిన్నెలో అంగుళం మందాన నీళ్ళు పోసి మరగనిచ్చి, స్టాండు మీద కేకు గిన్నె పెట్టండి. దాని మూతికి అల్యూమినియం ఫాయిల్ బిగుతుగా కట్టాలి, లేకపోతే మూత మీంచి ఆవిరి బొట్లు పడి పైన గుంటలు పడతాయి. మంట బాగా తగ్గించి 40 నుంచి 45 నిమిషాలు. నీళ్ళు ఇగిరిపోతే వేడినీళ్ళే పోయండి. గిన్నె అంచు గట్టిపడి, మధ్యలో రూపాయి బిళ్ళంత చోటు జున్నులా వణుకుతుంటే దించేయండి. మధ్యది కూడా గట్టిపడేదాకా ఉంచితే ఎక్కువ ఉడికినట్టు. ప్రెషర్ కుక్కర్ వాడితే విజిలూ, గ్యాస్కెట్టూ తీసేయాలి.

దించాక అరగంట మూత కొంచెం తెరిచి అందులోనే చల్లారనివ్వండి. తర్వాత చాకుతో అంచు చుట్టూ ఒకసారి తిప్పండి. చల్లారేకొద్దీ కేకు లోపలికి ముడుచుకుంటుంది, అంచు గిన్నెకి అంటుకుని ఉంటే మధ్యలో చీలుతుంది. ఫ్రిజ్‌లో కనీసం ఎనిమిది గంటలు. ఆ రోజే కోస్తే ముక్క రాదు, ముద్ద వస్తుంది.

గుడ్డు తినేవాళ్ళకి ఓవెన్‌లో చేసుకోవాలంటే క్రీమ్ చీజ్ 600 గ్రాములు, పంచదార 160, గుడ్లు మూడు, వడకట్టిన పెరుగు 150, కార్న్‌ఫ్లోర్ ఒక చెంచా, ఎనిమిది అంగుళాల గిన్నె, 160 డిగ్రీలు, గంట. గుడ్లు చివర ఒక్కొక్కటే వేసి కలిసేదాకా మాత్రమే తిప్పాలి. నీళ్ళ పళ్ళెంలో పెట్టేముందు గిన్నెకి బయట రెండు పొరల ఫాయిల్ చుట్టండి, అడుగు విడిపోయే రకం గిన్నెలోకి నీళ్ళు దూరతాయి.

నాగావళి_ఒడ్డు

చాలా థాంక్సండీ, అందరికీ. ఏడు మాటలూ తమ్ముడికి పంపించేశాను. రెండు సందేహాలు. అడుగు విడిపోయే గిన్నె మా దగ్గర లేదు, స్టీలు డబ్బా పనికొస్తుందా? పైన మామిడిపండు వేస్తే బాగుంటుందా? అలాగే నాన్నకి అక్కడి కేకు ఇక్కడ చుట్టాలకి తీసుకురావాలని ఉంది.

అరసవల్లి_వంటిల్లు

స్టీలు డబ్బా పనికొస్తుంది. బటర్ పేపర్‌ని రెండు అంగుళాల వెడల్పు పొడుగు పట్టీలుగా కోసి, ప్లస్ గుర్తులా అడుగు మీంచి రెండు పక్కలా బయటికి వేలాడేలా వేయండి. దాని మీద గుండ్రటి పేపరు, ఆపైన బిస్కెట్. గడ్డకట్టాక ఆ నాలుగు కొసలూ కలిపి పట్టుకుని పైకి లేపితే కేకు మొత్తం వచ్చేస్తుంది. కోసే పని లేకుండా చిన్న స్టీలు గిన్నెల్లో విడివిడిగా పోసినా మంచిదే, అప్పుడు 20 నిమిషాల ఆవిరి చాలు.

మామిడికి సువర్ణరేఖ బాగుంటుంది, పీచు తక్కువ, రంగు మంచిది. గుజ్జు 200 గ్రాములు, నిమ్మరసం ఒక చెంచా, నీళ్ళలో కలిపిన కార్న్‌ఫ్లోర్ ఒక చిన్న చెంచా వేసి అయిదు నిమిషాలు సన్నటి సెగన తిప్పి పూర్తిగా చల్లార్చి పోయండి. వేడిగా పోస్తే పై పొర కరిగి రెండూ కలిసిపోతాయి. పచ్చి గుజ్జు అలాగే వేస్తే మర్నాటికి నీరు వదులుతుంది. జెల్లీలా మెరవాలంటే సముద్రపు నాచు నుంచి తీసే చైనాగ్రాస్ వాడండి, జెలటిన్ వద్దు, అమ్మగారికోసం చేస్తున్నారు కదా.

అక్కడి కేకు విమానంలో తేవద్దని నాన్నగారికి చెప్పండి. డల్లాస్ నుంచి విశాఖ చేరేసరికి ఇరవై గంటల పైమాటే, ఆ తర్వాత శ్రీకాకుళానికి రోడ్డు. పాలు, గుడ్డు ఉన్న పదార్థం అంతసేపు చల్లదనం లేకుండా నిలవదు. బదులుగా మీరు చేసినదే ఆయన చేత కోయించండి. చాకుని వేడినీళ్ళలో ముంచి, తుడిచి, ఒక్క కోత కొయ్యాలి. ప్రతి ముక్కకీ మళ్ళీ ముంచి తుడవాలి. కోసే పావుగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి, మరీ చల్లగా ఉంటే నాలుక మీద పెరుగు పులుపూ నిమ్మతొక్క వాసనా తెలియవు.